కన్ను తుడవని జింక

చెరువు నిండి, మరువ మీదినుంచి నీళ్లు పొర్లుతున్నాయన్న కబురు చెప్పడానికి ఓబులేసన్న ఆ పొద్దున చెప్పులు కూడా విడవకుండా లైబ్రరీలోకి వచ్చేశాడు. రోజూ నేను తాళం తీయకముందే గడప మీద కూర్చుని, లోపలికొచ్చి పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, ప్రభుత్వాన్నీ నన్నూ కలిపి తిట్టి వెళ్లే మనిషి. ఆ రోజు పేపరు ముట్టలేదు.

"మరువ పారతాంది మేడమ్. ఊరు ఊరంతా ఆడే ఉండాది. నువ్వేంది ఈడ కూసోనుండావు?"

శింగనమల పక్కన మా ఊళ్లో మరువ పారడమంటే, చెరువు అలుగు దూకడమంటే, మాటలు కాదు. చెరువు అడుగున క్రికెట్ ఆడుకుని పెద్దవాళ్లైన పిల్లలున్నారు. సంతోషంగా లేచి బండి తాళం తీసుకోవలసినదాన్ని, నా కళ్లు మాత్రం బీరువా మీదికి పోయాయి. అక్కడ పాత పంచెగుడ్డతో కట్టిన మూట ఒకటుంది. ఆ మూట కట్టిన మనిషి పోయిన ఎండాకాలంలో చనిపోయింది. మరువ పారిన రోజు చేయమని నాకొక పని అప్పజెప్పి మరీ పోయింది.

ఊరంతా ఆమెను అవ్వ అనేది. నేనూ అంతే.

అవ్వ మా లైబ్రరీకి ఉద్యోగానికి రాలేదు, చదువుకోవడానికీ రాలేదు. పిల్లల ఏడుపు వినలేక వచ్చింది. వారానికోసారి అంగన్‌వాడీ పిల్లల్ని పిలిపించి బొమ్మల పుస్తకాలు చూపించాలి, బడిలో చేరేలోపే పుస్తకం అలవాటు చేయాలి అని మాకు ఉత్తర్వులొచ్చాయి. శిక్షణ కూడా ఇచ్చారు. పుస్తకాన్ని ఛాతీ దగ్గర నిటారుగా పట్టుకోవాలి, బొమ్మ పిల్లలవైపు ఉండాలి, మొహాన చిరునవ్వు ఉండాలి. నేను అన్నీ పాటించాను. నా చిరునవ్వు చూసే కాబోలు ఒకడు ఏడుపు మొదలుపెట్టాడు, తక్కినవాళ్లు అందుకున్నారు. ఆ గోలలో ఎదురు సందులోంచి ఒక ముసలామె, నోట్లో ఆకువక్కతో, కొంగు నడుముకు బిగించి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బొమ్మను కట్టేసినట్ల పట్టుకుంటే అది యాడ మాట్లాడతాది పాపా? ఇట్లియ్యి."

నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది. మేక మాట్లాడే పేజీ అది. అవ్వ గొంతు మేకదైపోయింది, చేతిలో పుస్తకం గజగజ వణకడం మొదలైంది. తోడేలు వంతు రాగానే పుస్తకాన్ని ఒక్క గుంజు గుంజి, నా టేబుల్ కింది చెక్కపలకను మడమతో దబ్బుమని తొక్కింది. ఏడుస్తున్నవాడు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ పలక నేను కాళ్లు పెట్టుకోవడానికి వేయించుకున్నది. ఆ రోజుతో దాని మీద నా హక్కు పోయింది.

అవ్వ తోలుబొమ్మలాట ఆడే ఇంటి కోడలు. సొంత ఊరు ధర్మవరం అవతల. వయసంతా తెర వెనకే, బొమ్మలాడిస్తూ, కాలికింద పలక తొక్కుతూ గడిపింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది మరాఠీ కలిసిన ఇంకో మాట. పేజీలు అంటుకుపోయి రాకపోతే పుస్తకాన్ని ఆ మాటలోనే తిట్టేది, పిల్లలు నేర్చుకోకుండా. వాళ్ల ఆటలో మాట్లాడే బొమ్మ కదలాలి, వినే బొమ్మ కదలకూడదు. అందుకే అవ్వ చేతిలో పుస్తకం కుదురుగా ఉండేది కాదు. అక్షరాలకూ అదే నియమం. ఏ అక్షరం పలుకుతుందో దాని కింద వేలు పెట్టి కాగితాన్ని అక్కడ చిన్నగా కదిలించేది. పలకనివి బుద్ధిగా ఉండాలి.

ఇలా కూడా అక్షరాలు నేర్పుతారా అని నేను లోపల నవ్వుకునేదాన్ని. కొన్నాళ్లకు, కూలికి పోయేవాళ్ల పాప మేరి, ఇంకా పాలపళ్లు కూడా ఊడని పిల్ల, లైబ్రరీ ముందు ఆగిన బస్సును చూసి ఠక్కున ఆగింది. తాడిపత్రి బస్సు. ఇంజను ఆపలేదు, ముందు బోర్డు గడగడ వణుకుతోంది. మేరి వేలు చూపించి "తా మాట్లాడతాంది అవ్వా" అంది. ఆ తర్వాత నేను నవ్వుకోవడం మానేశాను.

సాయంత్రం చెనిక్కాయ చేలల్లోంచి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళకు అవ్వ పుస్తకాలు చంకలో పెట్టుకుని మా గేటు దగ్గర నిలబడేది. పిల్లలున్న తల్లిని చూస్తే వదిలేది కాదు.

"చేతులు కడుక్కోని ఇది పట్టకపో. పిల్లోనికి చూపించు."

"నాకు సదువు రాదు కదవ్వా."

"నీ మొగునికి అబద్ధాలు చెప్పేకి యాడ సదువుకున్యావు? బొమ్మను చూసి చెప్పు. తప్పు చెప్తే వాడే దిద్దుతాడు."

వాళ్లు నవ్వుకుంటూ తీసుకుపోయేవాళ్లు. కొన్ని పుస్తకాలు కూర మరకలతో తిరిగొచ్చేవి. నేను చిరాకుపడితే, బువ్వ తినేటప్పుడు కూడా చూసినారంటే అంతకన్నా ఏం కావాలి అనేది.

గోడమీద 'నిశ్శబ్దము పాటించవలెను' అన్న బోర్డు ఉంది. అవ్వ సరిగ్గా దాని కిందే కూర్చునేది. ఓబులేసన్న పేపరు దించి కళ్లద్దాల పైనుంచి చూసేవాడు.

"ఏమ్మా, ఇది లైబ్రరీ అనుకున్యావా, తిరనాళ్ల అనుకున్యావా?"

"నువ్వు చదువుకోప్పా. నీ పేపర్లో వాండ్లు ఊరికే పండుకోనుండారు. నా పుస్తకంలో వాండ్లు లేసినారు, నేనేం చేసేది?"

తర్వాత్తర్వాత ఆయన పేజీ తిప్పకుండా, పేపరు చాటున కథ వినడం నేను చాలాసార్లు చూశాను.

నాకూ అవ్వకూ పెద్ద తగవు బీరువా దగ్గర. నేను నంబర్ల ప్రకారం సర్దేదాన్ని. మర్నాటికి అన్నీ తారుమారయ్యేవి. బొమ్మల పెట్టెలో మంచివాళ్లనూ చెడ్డవాళ్లనూ ఒకచోట పడుకోబెట్టరట.

"పులి పక్కన మేకపిల్లను పెట్టి తాళమేసి పోతావే, అది ఎట్ల పండుకుంటాది పాపా? నువ్వూ పిల్లల్ని కన్నదానివే కదా."

"అవి పుస్తకాలవ్వా."

"నేను మాత్రం ఏమంటాండా? పుస్తకాలనే అంటాండా."

పులికీ మేకకూ మధ్య చెట్ల పుస్తకం అడ్డం పెట్టేది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు నంబర్లు కలవడం లేదేమని నిలదీస్తే, "పులికీ మేకకూ మధ్య చెట్టు ఉండాలి సార్" అని నా నోటినుంచే వచ్చేసింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, సెలవు పెట్టి చాలా రోజులైందా అమ్మా అని అడిగాడు.

కొత్త పుస్తకం వస్తే అవ్వ దాన్ని వెంటనే పిల్లలకు చూపించనిచ్చేది కాదు. దీపపు మసి, తుమ్మబంక కలిపి నూరిన నల్లరంగు కొబ్బరిచిప్పలో ఉంచుకునేది. సన్న పుల్లను అందులో ముంచి, అట్టమీది బొమ్మ కంట్లో ఒక చుక్క పెట్టేది. తోలుబొమ్మకు అన్ని రంగులూ అయ్యాక చివరికి కన్ను దిద్దుతారు, అప్పుడే అది లేస్తుంది. ప్రభుత్వ పుస్తకాల మీద ఈ రంగులేమిటని నేను మొత్తుకునేదాన్ని. "కన్ను తెరవని బొమ్మ పిల్లోళ్లను చూడదు. చూడని బొమ్మను పిల్లోళ్లు యాల చూస్తారు?" అనేది. పిల్లలు పేజీ తిప్పడానికి వేళ్లు ఉమ్మితో తడుపుకునేవాళ్లు. ఆ తడికి రంగు కరిగిపోయేది. అవ్వ ఓపిగ్గా మళ్లీ దిద్దేది.

పుస్తకం చివరి రోజులకు కూడా ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. అతుకులకు నిలవనంతగా చిరిగిన పుస్తకాన్ని పారేయనిచ్చేది కాదు, తూకానికి వేయనిచ్చేది కాదు. పాడైన తోలుబొమ్మను పారే నీళ్లలో సాగనంపుతారు. ముందు తడి వేలితో కన్ను తుడిచేయాలి. తుడవకపోతే అది పోదు, పోతూ పోతూ వెనక్కి చూస్తుంది. పంపినవాళ్లు కూడా వెనక్కి చూడకూడదు. చిరిగిన పుస్తకాలన్నీ ఆ పంచెగుడ్డలో చేరాయి. పారే నీళ్లు మాకెక్కడివి? "మరువ పారనీ, అన్నిటినీ ఒకేసారి పంపుదాం" అనేది. మరువ పారలేదు. మూట ఏటికేడు లావెక్కింది.

జింక పుస్తకం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పార్సిల్ విప్పుతుంటే అవ్వే దాన్ని పైకి తీసింది. అట్టమీద ఒక పిల్లజింక పరిగెడుతూ, మెడ వెనక్కి తిప్పి ఉంది. అడవిలో తప్పిపోయి ఇల్లు చేరే కథ, అంతకన్నా ఏం లేదు. అవ్వ దాన్ని పట్టుకుని నిలబడింది నిలబడినట్టే నేలమీద కూలబడింది. ఎండకు కళ్లు తిరిగాయేమోనని నీళ్లు తెచ్చాను. తాగలేదు.

"ఇది మా జింకే" అంది.

నేను పక్కన కూర్చున్నాను. అట్టమీది జింక మెడను వేలితో రాస్తూ చెప్పింది.

"మా మామోళ్ల నాయన చేసిన జింక పాపా. మేకతోలు గీకి గీకి, అద్దం మాదిరి చేసి. ఇదే మెడ. ఇట్లనే ఎనక్కి చూస్తాది. అది తెరమీదికి వస్తే నిద్రపోయే పిల్లోళ్లంతా లేసేవాళ్లు. చానా పాతబడిపోయుండె. కాళ్లు ఊడిపోయుండె. సాగనంపల్ల అనుకుంటిమి. ఆ యేడు ఏట్లో నీళ్లు ల్యా. వానొస్తే పంపుదాంలే అని పెట్లోనే పెడితిమి."

వాన రాలేదు. ఆటకు పిలిచే ఊరూ లేకపోయింది. భర్త కూలికి బెంగళూరు పోయినప్పుడు పాత బొమ్మలు కొనేవాళ్లు ఎవరో జీపులో వచ్చారు. ఇంట్లో గింజ లేదు. అవ్వ పెట్టె పెట్టెంతా ఇచ్చేసింది.

"జింకను తీసి పక్కన పెట్టల్లని నాకు ఎరుకే. ఆ జీపు ఆయప్ప తొందరపెట్టె. కన్ను తుడవకుండా ఇచ్చేస్తి."

తర్వాతెప్పుడో అనంతపురం ఆసుపత్రికి పోతే, దారిలో ఒక అంగట్లో తోలుబొమ్మలతో చేసిన దీపాలు వేలాడుతున్నాయట. బొమ్మల లోపల బల్బులు. అవ్వ ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసింది. తన జింక లేదు.

"యాడ యాలాడుతాందో. లోపల బల్బు ఎలుగుతాంటే దానికి నిద్ర యాడిది? నేను యాడికి పోయినా అది నా ఈపునే చూస్తాంటాది పాపా."

నేను దేవుళ్లనూ దయ్యాలనూ పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు. అయినా ఇంటికి పోయాక ఆ మాట నన్ను వదల్లేదు. హాల్లో బల్బు స్విచ్ మీద చేయి పెట్టిన ప్రతిసారీ గుర్తొచ్చేది.

ఆ జింకకు అవ్వ చుక్క పెట్టి ఊరుకోలేదు. గోడవైపు తిరిగి కూర్చుని, కొంగు చాటు చేసుకుని చాలాసేపు దిద్దింది. చూపించినప్పుడు ఆ కన్ను పొడుగ్గా చెవిదాకా సాగి ఉంది, అచ్చం తోలుబొమ్మల కన్ను. గదిలో ఏ మూలన నిలబడినా అది నన్నే చూసేది.

పిల్లలకు జింక పుస్తకం పిచ్చి పట్టింది. అందరికన్నా మేరికి. ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది ఆ పుస్తకంలోనే. మొదట అవ్వతో పాటు పలికేది, తర్వాత అవ్వకన్నా ముందే పలికేది. ఒకరోజు అవ్వ కావాలనే ఒక వాక్యం దాటేసింది. మేరి పేజీమీద వేలు పెట్టి, "ఈడ ఇంగోటి ఉండాది" అని ఆపింది. అవ్వ ఆకువక్క నమలడం మానేసి నావైపు చూసింది. "దొరికిపోతి కదా" అని ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఆమె అంతగా మురిసిపోవడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఎండలు ముదిరేసరికి అవ్వకు ఆయాసం పట్టుకుంది. చూడటానికి పోయాను. రేకుల గది, పొయ్యిలో కూర్చున్నట్టుంది. పిల్లలెలా ఉన్నారని అడగలేదు.

"మరువ పారతాదా?" అంది.

"ఈ ఎండల్లో ఎక్కడవ్వా."

"పారినప్పుడు ఆ మూట పంపు. దాంతో జింకను గూడా పంపు. కన్ను తుడిచి పంపు. ఆ పొద్దు తుడవకుండా ఇస్తి, ఇప్పుడు నన్ను ఎతుక్కుంటా వచ్చింది. మళ్ల పంపకుంటే నన్ను ఆడ గూడా నిలవనీదు."

"ఆ పుస్తకం ఇంకా గట్టిగానే ఉందవ్వా. పిల్లలు చదువుతున్నారు. మేరి చదువుతోంది."

"మేరికి నేను చెప్తాలే."

"సరే" అన్నాను.

"సరే అంటే సాలదు. పంపుతానని చెప్పు."

నా మణికట్టు పట్టుకుంది. పంపుతానని చెప్పాను. మేరికి చెప్పే రోజు అవ్వకు రానేలేదు.

అవ్వ పోయాక కథలు చెప్పడానికి నేనే కూర్చున్నాను. పుస్తకాలు కదిలించి కదిలించి చదివాను. పిల్లలు మర్యాదగా విన్నారు. దిద్దే చేయి లేక పులి కన్ను చెరిగిపోయింది, మేకపిల్ల కన్ను చెరిగిపోయింది. జింక కన్ను మాత్రం చెరగలేదు. అన్నిటికన్నా ఎక్కువ ఉమ్మి వేళ్లు పడింది దానిమీదే. బంక ఎక్కువ కలిపిందేమో అనుకున్నాను. సాయంత్రం దాన్ని బోర్లా పెట్టి తాళం వేసేదాన్ని. మర్నాడు బీరువా తెరిస్తే నన్నే చూస్తుండేది. నేనే మరిచిపోయి తిప్పి ఉంటాననుకున్నాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు టేబుల్ కింద పలక దబ్బుమన్నట్టయ్యేది. చెక్క కదా, ఎండకు విచ్చుకుంటుంది అనుకున్నాను. ఇలా అన్నిటికీ ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నాను, కానీ నాకు భయమేసేది. అవ్వకు ఇంకా నిద్ర పట్టలేదనిపించేది. ఆమె మీద జాలి కలిగి కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఓబులేసన్న మరువ కబురు తెచ్చిన రోజు కథల రోజే. పిల్లలు అప్పుడే వచ్చి చాపమీద కూర్చున్నారు. నేను కుర్చీ ఎక్కి మూట దించాను. బీరువాలోంచి జింకను తీశాను. మూట ఎందుకుందో, సాగనంపడం ఎలాగో అవ్వ పిల్లలందరికీ ముందే చెప్పి ఉంచింది. మేరికి వెంటనే అర్థమైపోయింది.

"జింకను గూడా నీళ్లల్లో ఏస్తావా మేడమ్?"

"అవ్వ పంపమందమ్మా."

"నేను ఇంగా సదువుతాండా కదా."

ఏడవలేదు, చేయి చాపలేదు. ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేదాన్ని. పిల్లల్ని చూస్తుండమని ఓబులేసన్నకు చెప్పి, మూట, పుస్తకం తీసుకుని బండి ఎక్కాను.

మరువ దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, ఫోన్లలో వీడియో పట్టుకునేవాళ్లు, ఊరికే నీళ్లను చూస్తూ నిలబడిపోయిన ముసలివాళ్లు. నేను జనం లేని పక్కకు పోయి రాళ్లమీద కూర్చుని మూట విప్పాను. ఒక్కొక్క పుస్తకమే తీసి, తడి వేలితో కన్ను తుడిచి, నీళ్లలో వదిలాను. కాస్త దూరం తేలి, ఒక్కటొక్కటే మునిగిపోయాయి.

"ఏం మేడమ్, పుస్తకాలు పారేస్తాండావు?" అంది పక్కనే కాళ్లు కడుక్కుంటున్న ఒకామె.

"పారేయడం లేదమ్మా. సాగనంపుతున్నా."

ఆమె తడి చేతులతోనే దండం పెట్టింది.

చివరికి జింక మిగిలింది. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మణికట్టు మీద అవ్వ పట్టు ఇంకా ఉన్నట్టే ఉంది. మేరి మాట చెవిలో ఉంది. ఆ పుస్తకం మళ్లీ అచ్చు కాలేదు, దొరకదు. ఆ సంగతి నేను ముందే విచారించాను. పంపకపోతే అవ్వకు మోసం, పంపితే ఆ పిల్లకు మోసం. ఎవరినైనా తిట్టాలనిపించింది, తిట్టడానికి ఎవరూ లేరు.

వేలు తడుపుకుని జింక కన్ను మీద పెట్టాను. అన్నాళ్లు అంతమంది పిల్లల వేళ్లకు చెరగని రంగు ఒక్క రుద్దుకే ఊడివచ్చింది. చెవిదాకా సాగిన కన్నంతా నా వేలి మీదికి వచ్చేసింది. దాని కింద ఇంకో కన్ను ఉంది. అచ్చులో వేసిన కన్ను, గుండ్రంగా, చిన్న చిన్న రెప్పవెంట్రుకలతో. అది నన్ను చూడటం లేదు. తప్పిపోయి వచ్చిన దారి ఎటో అని చెట్లవైపు చూసుకుంటోంది. తక్కిన పుస్తకాలకు అవ్వ ఉన్న కంట్లో చుక్క పెట్టింది. ఈ ఒక్కదానికి మాత్రం ఉన్న కన్ను మూసేసి, దానిమీద తన జింక కన్ను తెరిచింది.

పుస్తకాన్ని చూశాను, నల్లబడిన వేలిని చూశాను. అవ్వ పంపమన్నది ఏదో అప్పుడు తెలిసింది.

పుస్తకాన్ని కొంగులో చుట్టి, వేలిని పారే నీళ్లలో ముంచాను. మసి సన్నగా సాగి, నీళ్లతో పాటు మరువ కిందికి దిగిపోయింది. "పో తల్లీ, ఇంక పండుకో" అన్నాను. జింకతో అన్నానో అవ్వతో అన్నానో నాకే తెలియదు. లేచి బండి దాకా వెనక్కి చూడకుండా నడిచాను.

నేను వచ్చేసరికి ఓబులేసన్న బోర్డు కింద కూర్చుని, పేపర్లో ఏదో ఏనుగు బొమ్మను రెండు చేతులా కదిలిస్తూ పిల్లలకు చూపిస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున మడిచేశాడు. మేరి చాపమీద కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడి ఉంది. పుస్తకం ఇచ్చాను. అట్టను చాలాసేపు చూసింది. వేలితో కన్ను తడిమింది.

"ఇది అవ్వ జింక కాదు."

"కాదు."

"అది పోయిందా?"

"పోయింది."

"ఎనక్కి చూసిందా?"

"లేదు. చూడలేదు."

మేరి తల ఊపి, లోపలికి పోయి నా టేబుల్ కింద పలక దగ్గర కూర్చుంది. నేను గుమ్మంలోనే వీధివైపు తిరిగి నిలబడి చెప్పులు విడుస్తున్నాను. లోపల మొదటి పేజీ తెరిచిన చప్పుడు, కాగితం వణికిన చప్పుడు. తర్వాత పలక మీద మడమ దబ్బుమంది.

నేను గిరుక్కున వెనక్కి తిరిగి చూశాను. పలక మీద ఉన్నది మేరి మడమే.